కటింగ్ మెషిన్ పనులకు ఉచిత అలంకరణ ఫాంట్లు: ఎక్కడ వెతకాలి, కోసే ముందు ఏం చూడాలి?

నీలికాగితం:

సభ్యులందరికీ నమస్కారం. కటింగ్ మెషిన్ కొని నాలుగు నెలలైంది. ఇంతవరకు సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరికే బొమ్మలనే కోస్తూ వచ్చాను. ఈ మధ్యనే పేర్లు, పదాలు కోయడం మొదలుపెట్టాను. చిక్కులన్నీ అక్కడే ఎదురయ్యాయి.

మెలికలు తిరిగిన ఒక ఇంగ్లీషు చేతిరాత ఫాంట్‌ను ఉచితంగా దించుకొని, ఒక పేరును నల్ల వినైల్ (అంటించుకునే పలుచని ప్లాస్టిక్ రేకు) మీద కోశాను. తెర మీద అక్షరాలన్నీ ఒకే గీతగా కలిసిపోయి ఎంతో అందంగా కనిపించాయి. కోసిన తరువాత చూస్తే, ఒక అక్షరం తోక పక్క అక్షరం మీదికి వెళ్ళిన ప్రతిచోటా కోత పడి, పేరంతా చిన్న చిన్న ముక్కలుగా ఊడి వచ్చింది. ఆ తరువాత దళసరి కాగితం మీద తెలుగులో ‘స్వాగతం’ అని కోయబోయాను. యంత్రంతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో వ ఒత్తు స కింద చేరనే లేదు; పొల్లుతో ‘స్’ ఒకచోట, దాని పక్కన ‘వా’ మరొకచోట నిలబడ్డాయి.

పరిచయస్థులు కొందరు డబ్బిచ్చి పేరు పలకలు చేయించుకుంటామని అడుగుతున్నారు. ఉచితంగా దొరికిన ఫాంట్‌తో చేసిన వస్తువును అమ్మవచ్చా? నమ్మదగిన ఫాంట్లు ఎక్కడ దొరుకుతాయి? తెలుగు అక్షరాలకు ఏదైనా మార్గం ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

రేకుపువ్వు:

నీలికాగితం గారూ, మీ మొదటి చిక్కు ఈ పనిలోకి వచ్చిన ప్రతివారికీ మొదటి వారంలోనే ఎదురవుతుంది. ఫాంట్‌లో ప్రతి అక్షరమూ తనంతట తాను పూర్తయిన ఒక మూసిన గీత. చేతిరాత ఫాంట్లలో అక్షరాలు కలిసినట్టు కనిపించడానికి ఒకదాని తోకను మరొకదాని మీదికి జరిపి ఉంచుతారు. తెర మీద రెండూ ఒకే రంగులో ఉంటాయి కనుక కంటికి తేడా తెలియదు. బ్లేడుకు మాత్రం రంగుతో పని లేదు, అది గీత ఉన్న ప్రతిచోటా కోసుకుంటూ పోతుంది.

అందుకని కోతకు పంపే ముందు ఆ అక్షరాలను కలిపి ఒకే ఆకారంగా మార్చాలి. క్రికట్ యంత్రాల సాఫ్ట్‌వేర్ అయిన డిజైన్ స్పేస్‌లో కంబైన్ మెనూ కింద యునైట్, వెల్డ్ అని రెండూ ఉంటాయి. యునైట్ చేసినదాన్ని తరువాత విడదీసి మళ్ళీ సరిదిద్దుకోవచ్చు. వెల్డ్ చేస్తే అది శాశ్వతం. సిల్హౌట్ యంత్రాలకు వాడే సిల్హౌట్ స్టూడియోలో వెల్డ్ అనే పేరుతోనే ఉంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడేవారు పాత్ (ఆకారపు గీత) మెనూలో యూనియన్ నొక్కాలి. వెల్డ్ గాని యూనియన్ గాని చేసిన తరువాత అక్షరదోషం కనిపిస్తే దిద్దడం కుదరదు కాబట్టి, కలపని నకలు ఒకటి పక్కన దాచిపెట్టుకోవడం నాకు అలవాటు.

కలిపే ముందు అక్షరాల మధ్య దూరాన్ని కూడా సరిచూడండి. తోకలు ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉంటే వెల్డ్ చేసినా అవి అతకవు. తెరను బాగా పెద్దది చేసి ప్రతి కలయికనూ చూడడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

పాతసిరా:

ఫాంట్లు వెతికే విషయం నేను చెబుతాను. నా అభిప్రాయంలో మొదట చూడవలసినది గూగుల్ ఫాంట్స్. 2010లో మొదలైన ఈ సేకరణలో ఎక్కువ భాగం ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంటుంది. ఆ లైసెన్సు 1.1 రూపం 2007లో వచ్చింది. దాని ప్రకారం ఆ ఫాంట్‌తో చేసిన వస్తువులను నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. ఫాంట్ ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. ఇంగ్లీషు చేతిరాత కావాలంటే గ్రేట్ వైబ్స్, అల్లూరా, శాక్రమెంటో, డ్యాన్సింగ్ స్క్రిప్ట్, పసిఫికో ఇవన్నీ అక్కడే ఉన్నాయి. వీటిలో పసిఫికో లావుగా ఉంటుంది కాబట్టి కొత్తవారి చేతికి తేలికగా లొంగుతుంది. శాక్రమెంటో గీత సన్నం. చిన్న పరిమాణంలో దానితో కుస్తీ పట్టవలసి వస్తుంది.

రెండవది ఫాంట్ స్క్విరల్. వాణిజ్య అవసరాలకు ఉచితంగా వాడుకోదగినవాటినే అక్కడ ఏరి పెడతారు. అయినా ప్రతి ఫాంట్ లైసెన్సునూ విడిగా చదవాలి. 2009లో ప్రారంభమైన ది లీగ్ ఆఫ్ మూవబుల్ టైప్ సేకరణ చిన్నదే గాని, అందులోని ఫాంట్లన్నీ శ్రద్ధగా గీసినవి.

డాఫాంట్‌లో అలంకరణ ఫాంట్లు ఎక్కువ, అక్కడే జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. ప్రతి ఫాంట్‌కూ డౌన్‌లోడ్ బటన్ దగ్గర ఒక మాట రాసి ఉంటుంది. పూర్తిగా ఉచితం అనీ, సొంత వాడకానికి మాత్రమే ఉచితం అనీ, డెమో అనీ ఆ మాట రకరకాలుగా ఉంటుంది. అది సూచన మాత్రమేననీ, జిప్‌లో ఉన్న రీడ్‌మీ ఫైలు గాని రూపకర్త వెబ్‌సైటు గాని చూసి నిర్ధారించుకోవాలనీ ఆ సైటువారే చెబుతున్నారు. నేను వెతికేటప్పుడు ముందే అక్కడి వడపోతలో ‘పూర్తిగా ఉచితం’, ‘పబ్లిక్ డొమైన్, జీపీఎల్, ఓఎఫ్ఎల్’ (స్వేచ్ఛగా వాడుకోనిచ్చే రకాలు) అనేవాటిని ఎంచుకుంటాను. మనసుపడ్డ ఫాంట్ వాడుకోవడానికి వీల్లేనిదని తరువాత తెలిస్తే కలిగే నిరాశ ఆ విధంగా తప్పుతుంది.

మరొక్క మాట. జిప్ విప్పితే టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ ఫైళ్ళు, రీడ్‌మీ, లైసెన్సు పాఠం కనిపించాలి. నడిపించమని అడిగే ప్రోగ్రాము ఫైలు కనిపిస్తే తెరవకుండానే తీసివేయండి.

వెన్నెలగీత:

పాతసిరా గారి మాటలు కాదనను గాని, ఆచరణలో ఇంత కఠినంగా ఉండవలసిన అవసరం ఉందా అన్నది నా సందేహం. సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉన్న ఫాంట్‌తో నేను ఐదారు పేరు పలకలు చేసి అమ్మాను. పెద్ద సంస్థలు వేల వస్తువులు అమ్మడం వేరు, ఇంట్లో కూర్చుని నాలుగు పలకలు కోయడం వేరు కదా. పైగా అక్షరాల ఆకారం మీద కాపీరైట్ ఉండదని చాలాచోట్ల చదివాను.

పాతసిరా:

వెన్నెలగీత గారూ, ఈ సందేహం చాలామందిలో ఉన్నదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అక్షరాల ఆకారానికి కాపీరైట్ లేదన్న మాట అమెరికాకు సంబంధించినది. అక్కడ 1978లో ఎల్ట్రా కార్పొరేషన్ కేసులో న్యాయస్థానం ఆ విధంగానే తీర్పు ఇచ్చింది. అయితే ఆ తీర్పు అక్షరాల రూపానికి వర్తిస్తుంది. మనం దించుకునే ఫాంట్ ఫైలు ఒక సాఫ్ట్‌వేర్, దానికి అమెరికాలో కూడా కాపీరైట్ రక్షణ దొరుకుతుంది. ఇక బ్రిటన్‌లో అయితే 1988 నాటి చట్టంలోనే అచ్చు అక్షరాల రూపానికి 25 ఏళ్ళ రక్షణ ఉంది. వీటన్నిటికీ తోడు, ఫైలును ఫలానా షరతు మీద ఇస్తున్నానని రూపకర్త రాసిపెట్టినప్పుడు, ఆ షరతును ఒప్పుకొనే మనం దాన్ని తీసుకుంటున్నాం.

చట్టాన్ని పక్కన పెట్టినా నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. ఒక చేతిరాత ఫాంట్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, ఉచ్చారణ గుర్తులున్న అక్షరాలు కలిపి రెండు వందలకు పైగా ఆకారాలుంటాయి. వాటిలో ఏది ఏ పక్కన వచ్చినా తోకలు కలిసేలా ఒక మనిషి ఒంటరిగా కూర్చుని నెలల తరబడి గీస్తాడు. ఇంట్లో వాడుకోండి, అమ్మేటప్పుడు మాత్రం నన్ను అడగండి అని ఆయన అంటే అది న్యాయమైన కోరికే. మనం పలకకు ధర కట్టేటప్పుడు మన చేతిపనికి విలువ వేసుకుంటాం. ఆ పలక మీది అక్షరం కూడా ఒకరి చేతిపనే.

నేను పాటించే పద్ధతి చిన్నది. ఫాంట్ దించుకున్న రోజునే దాని లైసెన్సు పాఠాన్ని, దించుకున్న పేజీ చిరునామాను, తేదీని ఒకే ఫోల్డరులో ఉంచుతాను. పాత ఫాంట్‌కు ఆధారాలు దొరకకపోతే విండోస్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ చూస్తాను. లైసెన్సు వివరణ రాసుకోవడానికి ఫాంట్‌లోనే ఒక గది ఉంటుంది. శ్రద్ధగల రూపకర్తలు దాన్ని ఖాళీగా వదలరు.

వస్తువులు కాక కోత ఫైళ్ళనే అమ్మాలనుకునేవారు మరింత జాగ్రత్తగా చదవాలి. కొన్ని వాణిజ్య లైసెన్సులు కోసిన పలకను అమ్మనిస్తాయి గాని ఎస్‌వీజీ (గీతల రూపంలోని బొమ్మ) ఫైలును అమ్మనివ్వవు. అక్షరమాల మొత్తాన్ని ఎస్‌వీజీలుగా మార్చి అమ్మడమంటే నా దృష్టిలో ఫాంట్‌నే వేరే సంచిలో పెట్టి అమ్మడం.

వెన్నెలగీత:

మీరు చెప్పినది అర్థమైంది. ఆ ఫాంట్ రీడ్‌మీలో రూపకర్త ఈమెయిల్ చిరునామా ఉంది. ఈ రోజే రాస్తాను, జవాబు వస్తే ఇక్కడ తెలియజేస్తాను.

సన్నగీత:

లైసెన్సు సరిగా ఉన్నంత మాత్రాన ఫాంట్ కోతకు పనికివస్తుందని కాదు. అచ్చుకోసం గీసిన ఫాంట్‌కూ బ్లేడు కిందికి వెళ్ళగల ఫాంట్‌కూ తేడా ఉంది. అది నాకు ఒక పుట్టినరోజు కార్డు నేర్పింది.

కుంచెతో గీసినట్టు అంచులు చెదిరి ఉండే ఒక ఉచిత ఫాంట్‌ను ఎంచుకొని, అక్షరం ఎత్తు మూడు సెంటీమీటర్లు పెట్టి, దళసరి కాగితం మీద కోతకు పంపాను. మామూలుగా వంపుల వెంట జారిపోయే బ్లేడు, ఆ అక్షరం దగ్గర టకటకమంటూ ఆగి ఆగి కదలసాగింది. సగం దూరం పోయేసరికి కాగితం మీద నూగు లేచింది, ఆ తరువాత ఒక మూల మ్యాట్ (కాగితాన్ని పట్టి ఉంచే జిగురు పలక) నుంచి ఊడి బ్లేడుకు చుట్టుకుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ అక్షరాన్ని పాత్‌గా మార్చి నోడ్ పనిముట్టుతో చూస్తే, ఒక్క అక్షరం చుట్టూ నాలుగు వందలకు పైగా నోడ్‌లు (గీత మలుపులను నిర్ణయించే బిందువులు) చీమల బారులా కనిపించాయి. శుభ్రంగా గీసిన ఫాంట్‌లో అదే అక్షరానికి ఇరవై ముప్పై ఉంటే ఎక్కువ. చేతిరాతను స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా మార్చి, శుభ్రం చేయకుండా వదిలేసిన ఫాంట్లలో ఇదే జరుగుతుంది.

అప్పటి నుంచి ఏ ఫాంట్‌నైనా ముందు ఈ విధంగా పరీక్షిస్తున్నాను. నేను కోయబోయే పదాన్నే, కోయబోయే పరిమాణంలోనే టైపు చేసి, పాత్‌గా మార్చి నోడ్‌లు చూస్తాను. కొద్దిగా ఎక్కువ ఉంటే పాత్ మెనూలోని సింప్లిఫై ఒకసారి నొక్కితే సరిపోతుంది. అదే పనిగా నొక్కితే మూలలు మెత్తబడి అక్షరం ముఖం మారిపోతుంది. తరువాత ఆ పదంలో అన్నిటికంటే సన్నని గీత ఎంత ఉందో కొలుస్తాను. నా చేతిలో వినైల్ ఒక మిల్లీమీటరు వరకు నిలిచింది. దళసరి కాగితానికి రెండు మిల్లీమీటర్లు ఉంటే గాని నాకు ధైర్యం చాలదు. అంతకంటే సన్నమైతే ఆఫ్‌సెట్‌తో అక్షరానికి చుట్టూ కొద్దిగా ఒళ్ళు పెంచవచ్చు. సగం మిల్లీమీటరు పెంచితే గీతకు రెండు వైపులా కలిపి ఒక మిల్లీమీటరు లావు వస్తుంది. పెంచేటప్పుడు ఇంగ్లీషు చిన్న ఈ, చిన్న ఏ వంటి అక్షరాల లోపలి కన్నాలు పూడిపోకుండా చూసుకోవాలి.

మరొక విషయం, ఇది చాలామందికి తట్టదు. ఈ మధ్య వస్తున్న వేరియబుల్ ఫాంట్లలో (లావు, వెడల్పు వంటివి ఒకే ఫైలులో మార్చుకోగలవి) ఒకే అక్షరం లోపల కూడా గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉండవచ్చు. నిలువు గీత ఒక ముక్కగా, అడ్డగీత మరొక ముక్కగా గీసి అలాగే ఉంచుతారు. తెర మీద ఏమీ కనిపించదు, కోసినప్పుడు అక్షరం మధ్యలో గాటు పడుతుంది. గూగుల్ ఫాంట్స్ జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డరు ఉంటే అందులోని ఫైళ్ళనే ఇన్‌స్టాల్ చేయండి. అప్పటికీ గాటు కనిపిస్తే ఒక్క అక్షరానికైనా సరే యూనియన్ చేయాలి.

తలకట్టు:

నీలికాగితం గారి తెలుగు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేను ఎక్కువగా కోసేది తెలుగే కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

‘స్వా’ అనేది కంప్యూటరు లోపల ఒక అక్షరం కాదు. స, పొల్లు, వ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు వరుసగా ఉంటాయి. వాటిని చదివి, వ ను ఒత్తుగా మార్చి స కింద ఉంచాలనీ, స తలకట్టు తీసి దీర్ఘం పెట్టాలనీ ఫాంట్‌లో నియమాలుంటాయి. ఆ నియమాలను అమలు చేసే యంత్రాంగం సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఎంత మంచి ఫాంట్ వేసినా ఫలితం మీరు చూసినట్టే ఉంటుంది. కాబట్టి తప్పు ఫాంట్‌ది కాదు. ఆ ఫాంట్ పాడైందనుకొని తీసివేయకండి.

ఉపాయం ఏమిటంటే, తెలుగును ఇంక్‌స్కేప్‌లో టైపు చేయండి. అది ఉచితమే, హార్ఫ్‌బజ్ అనే యంత్రాంగం సాయంతో ఒత్తులనూ గుణింతాలనూ సరిగా కూరుస్తుంది. పదం కుదిరిన తరువాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు ఆకారాలుగా మారిపోతాయి. ఆ క్షణం నుంచి అది ఏ భాషో ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియనక్కరలేదు, బొమ్మ వంటిదే. గ్రూపు విడదీసి, యూనియన్ చేసి, ప్లెయిన్ ఎస్‌వీజీగా దాచుకొని మీ యంత్రం సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. సిల్హౌట్ స్టూడియో ఉచిత రూపం ఎస్‌వీజీని తెరవకపోవచ్చు. అటువంటప్పుడు ఇంక్‌స్కేప్ నుంచే డీఎక్స్ఎఫ్ అనే మరో రకం ఫైలుగా దాచుకోవాలి.

ఫాంట్ల సంగతికి వస్తే, గూగుల్ ఫాంట్స్‌లో భాషల వడపోతలో తెలుగు ఎంచుకోండి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, ధూర్జటి, లక్కిరెడ్డి, రవిప్రకాష్, తెనాలి రామకృష్ణ, గిడుగు వంటివి అక్కడ ఉన్నాయి. కోతకు రామభద్ర నాకు ప్రాణం. గీత లావు, వంపు నిండుగా ఉంటుంది, చిన్న పలక మీద కూడా విరగదు. బాలూ తమ్ముడు 2 గుండ్రంగా, పిల్లల గది పేర్లకు ముద్దుగా ఉంటుంది. అనేక్ తెలుగులో లావు ఎనిమిది మెట్లలో దొరకడమే కాక వెడల్పు కూడా మార్చుకోవచ్చు, అందుకని పొడుగు పేరును ఇరుకు పలకలో పట్టించవలసినప్పుడు అది ఆదుకుంటుంది. యూనికోడ్‌కు ముందు కాలపు తెలుగు ఫాంట్లు ఎవరైనా ఇస్తే వాటితో ఇప్పటి కీబోర్డు మీద టైపు చేయలేరు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు దాచి చేసినవి అవి.

అసలు కష్టం దీని తరువాత ఉంది. ఇంగ్లీషులో చిన్న ఐ, జే మీది చుక్కలు తప్పిస్తే అక్షరం ఒకే ముక్క. మన లిపి ఆ విధంగా ఉండదు. ప, స, హ వంటి అక్షరాల మీద తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటిని తాకకుండా గాలిలో నిలుస్తుంది. ఒత్తు కింద విడిగా ఉంటుంది. సున్న ఎప్పుడూ విడే. నేను ‘స్వాగతం’ కోసినప్పుడు మూడక్షరాల పదం ఆరు ముక్కలైంది: స ఒళ్ళు, దాని దీర్ఘం, వ ఒత్తు, గ, త, సున్న. ఫాంట్ మారితే ఈ లెక్క కొద్దిగా మారుతుంది.

వినైల్ అయితే ఇది చిక్కే కాదు. కోసినదాన్ని ఎత్తి అంటించడానికి వాడే ట్రాన్స్‌ఫర్ టేపు ప్రతి ముక్కనూ దాని చోటులోనే పట్టుకొని ఉంటుంది. అదనపు వినైల్‌ను తీసేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. సున్న లోపలి చుక్కంత ముక్కను మొన పనిముట్టుతో తీస్తుంటే సున్న కూడా దానితో లేచి వస్తుంది. సున్న అంచును వేలిగోటితో నొక్కిపట్టి, లోపలి ముక్కను మధ్యలో గుచ్చి నిలువుగా పైకి లాగితే అది ఒక్కటే వస్తుంది.

దళసరి కాగితం అయితే ముక్కలను అతికించే మార్గం ఆలోచించాలి. నేను రెండు పద్ధతులు వాడతాను. పదం మొత్తానికి ఆఫ్‌సెట్‌తో ఐదారు మిల్లీమీటర్ల వెడల్పు అంచు ఇచ్చి, ఆ ఆకారాన్ని వేరే రంగు కాగితంలో పీఠంగా కోసి, దాని మీద అక్షరాలు అతికించడం మొదటిది. కేక్ మీద గుచ్చేవాటిలాగా ఒకే ముక్కగా నిలబడవలసినవాటికి రెండవది: ఒత్తును పైకి, తలకట్టును కిందికి మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో జరిపి, అక్షరాన్ని ముట్టుకొనేలా చేసి, అప్పుడు యూనియన్ చేయాలి. సున్నను పక్క అక్షరం నడుముకు ఆనించాలి. ఈ జరుపుడులో పట్టుదల కంటే కన్ను ముఖ్యం. తలకట్టు మరీ కిందికి వస్తే హ చదవడానికే ఇబ్బంది అవుతుంది, ఒత్తు మరీ పైకి వస్తే కొమ్ములా కనిపిస్తుంది. జరిపిన తరువాత తెలుగు చదివే మరొకరికి చూపించి, ఏమని ఉందో చదవమని అడగండి.

కొలత:

తలకట్టు గారి పద్ధతిలో ఒక చిన్న ప్రమాదం ఉంది. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్ళు లెక్కిస్తుంది. కొన్ని కోత సాఫ్ట్‌వేర్లు ఎస్‌వీజీని 72గా చదువుతాయి. 15 సెంటీమీటర్ల పదం అప్పుడు 20 సెంటీమీటర్లు అయి కూర్చుంటుంది. దిగుమతి చేయగానే వెడల్పు ఒకసారి చూసి, అవసరమైతే నిష్పత్తి చెదరకుండా సరైన అంకె వేయండి.

నీలికాగితం:

అందరికీ కృతజ్ఞతలు. ఇంక్‌స్కేప్‌లో ‘స్వాగతం’ సరిగా వచ్చింది. ఒత్తు దాని చోటులో చేరడం చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

మరి రెండు సందేహాలు మిగిలాయి. కొన్ని ఫాంట్ల నమూనా బొమ్మల్లో అక్షరాల చివర పొడుగాటి తీగలు, పువ్వుల వంటి మెలికలు కనిపిస్తున్నాయి. నేను టైపు చేస్తే అవి రావడం లేదు. ఇక రెండవది, గోడ మీద రంగు వేయడానికి స్టెన్సిల్ కోయాలనుకుంటున్నాను. దానికి ఏ ఫాంట్ అయినా పనికివస్తుందా?

రేకుపువ్వు:

తీగల సంగతి చెబుతాను. అవి ఫాంట్‌లో అదనపు ఆకారాలుగా ఉంటాయి. వాటిని తెరిచే దారులు రెండు. ఓపెన్‌టైప్ సౌకర్యాలను అర్థం చేసుకొనే సాఫ్ట్‌వేర్ అయితే మెనూ నుంచే ఎంచుకోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో టెక్స్ట్ అండ్ ఫాంట్ కిటికీలోని ఫీచర్స్ విభాగంలో అవి కనిపిస్తాయి. రెండవ దారి, రూపకర్త ఆ ఆకారాలకు యూనికోడ్‌లోని సొంత వాడుక ప్రాంతంలో చోటు ఇచ్చి ఉంటే, విండోస్‌లో క్యారెక్టర్ మ్యాప్, మ్యాక్‌లో ఫాంట్ బుక్ తెరిచి, కావలసిన తీగను నకలు చేసి మీ పదంలో అతికించడం. అటువంటి ఫాంట్ల వివరణలో పీయూఏ ఎన్‌కోడెడ్ అని రాస్తారు. ఆ మాటతో వెతికితే కోత పనులకు అనువైనవి త్వరగా దొరుకుతాయి. ఉచితంగా ఇచ్చే డెమో ఫాంట్లలో ఈ తీగలు తరచుగా ఉండవు, నమూనా బొమ్మ మాత్రం పూర్తి ఫాంట్‌తో చేసినది అయి ఉంటుంది.

తలకట్టు:

స్టెన్సిల్‌కు ఏ ఫాంట్ అయినా పనికిరాదు. స్టెన్సిల్‌లో అక్షరం ఊడిపోయి, చుట్టూ ఉన్న రేకు మిగలాలి. ఇంగ్లీషు పెద్ద ఓ ను కోస్తే మధ్యలోని గుండ్రం కూడా పడిపోతుంది, రంగు వేస్తే నిండు చక్రం వస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నని వంతెనలు కావాలి. స్టెన్సిల్ ఫాంట్లలో ఆ వంతెనలు ముందే ఉంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో స్టార్డోస్ స్టెన్సిల్, అలెర్టా స్టెన్సిల్, సైరా స్టెన్సిల్ వన్ ఉన్నాయి.

తెలుగులో వంతెనలు మనమే వేసుకోవాలి. ఏదైనా లావుపాటి ఫాంట్‌లో పదం టైపు చేసి పాత్‌గా మార్చి, మూసుకున్న ప్రతి కన్నం మీదా రెండు మిల్లీమీటర్ల వెడల్పు నిలువు పట్టీ ఒకటి గీసి, పాత్ మెనూలో డిఫరెన్స్‌తో ఆ పట్టీని అక్షరం నుంచి తీసివేయాలి. ర, ఠ రెండూ పక్కపక్కన ఉన్నాయనుకోండి. ర కు కావలసింది వంతెన మాత్రమే. ఠ లో కన్నం మధ్య చుక్క ఉంటుంది. పట్టీ సరిగ్గా మధ్యలోంచి పోతే ఆ చుక్కను కూడా తినేస్తుంది, అప్పుడు గోడ మీద ఠ కాస్తా ర అయిపోతుంది. థ కు కూడా ఇదే గండం. అందుకని ఆ రెండు అక్షరాలలో పట్టీని చుక్కకు పక్కగా, ఎడమ వైపు నుంచి వేయండి.

సన్నగీత:

కోతకు బదులు పెన్నుతో రాయించాలనుకునేవారికి ఒక మాట. మామూలు ఫాంట్‌ను పెన్నుతో గీయిస్తే అక్షరం చుట్టూ అంచు మాత్రమే గీసి, లోపల ఖాళీగా వదులుతుంది. దానికి అంచులు కాక ఒకే గీతతో అక్షరం రాసే ఒంటిగీత ఫాంట్లు కావాలి. 1967లో అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో అలెన్ హెర్షీ రూపొందించిన అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో హెర్షీ టెక్స్ట్ పేరుతో ఉచితంగా లభిస్తాయి. అందులో తెలుగు లేదు. తెలుగుకు నేను పదాన్ని నల్లగా బొమ్మగా మార్చి, ట్రేస్ బిట్‌మ్యాప్‌లోని సెంటర్‌లైన్ ఎంచుకొని, వచ్చిన గీతలను చేత్తో సరిదిద్దుతాను. సన్నని ఫాంట్‌తో మొదలుపెడితే దిద్దుబాటు తగ్గుతుంది.

వెన్నెలగీత:

రూపకర్త నుంచి జవాబు వచ్చింది. ఇప్పటివరకు అమ్మిన పలకల గురించి ఉన్నది ఉన్నట్టు రాశాను. కొద్దిపాటి రుసుము తీసుకొని చిన్న వ్యాపారాలకు ఇచ్చే లైసెన్సు పంపారు, అడిగినందుకు సంతోషించామని రాశారు. దానితో పాటు వచ్చిన పూర్తి ఫాంట్‌లో డెమోలో లేని ముప్పై తీగలు కూడా ఉన్నాయి. లైసెన్సును, ఆ ఉత్తరాన్ని పాతసిరా గారు చెప్పినట్టు ఒకే ఫోల్డరులో పెట్టుకున్నాను.

నీలికాగితం:

ఈ వారం చేసిన పని తెలియజేస్తున్నాను. రామభద్రలో ‘స్వాగతం’ టైపు చేసి, వ ఒత్తును రెండు మిల్లీమీటర్లు పైకి జరిపి, దీర్ఘాన్ని స కు ఆనించి, సున్నను త కు తగిలించి యూనియన్ చేశాను. మొదటిసారి కోసినప్పుడు సున్న దగ్గరి అతుకు సన్నమై, మ్యాట్ నుంచి తీసేటప్పుడు తెగింది. అతుకును మూడు మిల్లీమీటర్లకు పెంచి మళ్ళీ కోశాను. కాగితాన్ని మ్యాట్ నుంచి లాగకుండా, మ్యాట్‌ను బోర్లించి దాన్నే వెనక్కి వంచుతూ ఊడదీశాను, కాగితం వంకర పోలేదు. ఈసారి పదం మొత్తం ఒకే ముక్కగా చేతిలోకి వచ్చింది. తెలుగు చదవగలిగిన ఇద్దరికి విడివిడిగా చూపించాను, ఇద్దరూ తడుముకోకుండా చదివారు.

అమ్మకానికి చేసే మొదటి పేరు పలకను బాలూ తమ్ముడు 2తో చేయాలనుకుంటున్నాను. ఆ పేరులో థ ఉంది. పలక దళసరి కాగితంతోనే చేస్తున్నాను కనుక, థ లోపలి చుక్క విడి ముక్కగా పడిపోతుంది కదా. దాన్ని అక్షరానికి ఏ వైపున అతికిస్తే చూడడానికి బాగుంటుంది?

తలకట్టు:

కింది నుంచి అతికించండి. థ అడుగున నిలువు గీత ఎలాగూ ఉంటుంది. అదే గీతను అక్షరం లోపలికి పొడిగించి చుక్కను అందుకున్నట్టు గీస్తే, అతుకు వేరుగా కనిపించదు. పొడిగింపు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరుకు తగ్గకుండా, చుక్క వెడల్పును మించకుండా చూసుకోండి. చుక్క గుండ్రంగానే మిగిలితే థ అని స్పష్టంగా చదవగలుగుతారు.